బస్తా తవుడు మింగిన బావి

గోరంతను కొండంత చేసే మనిషినని ముందే చెబుతున్నాను, తగ్గించుకుని చదవండి.

డెబ్బైల చివర్లో ఆళ్లగడ్డ దగ్గర మా దిగుడు బావిలో దూడలంత చేపలు పెంచాను. అవి బాగుంటే చేపలు పెంచడానికి తన పెద్ద బావి కూడా నాకే అప్పగిస్తానని, చూడటానికి వస్తానని దొర్నిపాడు మామ కబురు పెట్టాడు. ఆ ఎండాకాలం చేపలు తెల్లవారగానే పైకొచ్చి నోళ్లు తెరిచేవి. పాపం ఆకలి అనుకుని రోజూ తవుడు పెంచుతూ పోయాను. మామ వచ్చే ముందురోజు ఏకంగా బస్తా కుమ్మరించాను.

తెల్లారి మామ మెట్లు దిగేసరికి నీళ్లు కంపు కొడుతున్నాయి. చేపలన్నీ పైనే నోళ్లు ఆడిస్తున్నాయి.

"చూడు మామా, కూడు అడుగుతాండయ్," అన్నాను గర్వంగా.

"కూడు గాదు అల్లుడా, గాలి. నీ తవుడు కుళ్లి నీళ్లలో గాలంతా తినేసింది. నా చేపలు ఇట్లనే సచ్చినాయ్. ఇంజన్ ఎయ్యి, నీళ్లు పైనుంచి మళ్లీ బావిలోకే దుంకనీ."

ఇంజన్ వేశాను. ఆ ధార ముందు అహోబిలం జలపాతం దిగదుడుపే. మధ్యాహ్నానికి చేపలు లోపలికి దిగాయి, నాకూ ఊపిరాడింది.

"బతికినాయ్ గదా మామా, మరి నీ బావి?"

"నా బావి దిక్కు రావాకు," అని మామ బస్సెక్కాడు.

దూడలంత చేపలు, జలపాతం నా కల్పన. చేపలు జానెడు కూడా లేవు. బస్తా తవుడు మాత్రం నిజం.