ఏరగా మిగిలినవి

ఆమెను ఇంట్లో గింజ అని పిలిచేవారు. పుట్టినప్పుడు బొత్తిగా గుప్పెడంత ఉందట. ఆ ముద్దుపేరు పెట్టింది నాన్న. వేరుశనగ పండించే మనిషికి అంతకంటే మంచి పేరు ఎక్కడ తడుతుంది?

ఆయన కాయలు ఎండబెట్టి, ఒలిచి, పలుకులు ఏరడానికి కూర్చుంటే పలకరించడానికి కూడా జనం జంకేవారు. నిండుగా, నున్నగా ఉన్నవి వ్యాపారి బస్తాలోకి వెళ్ళేవి. ముడతలు పడ్డవి, పుచ్చినవి, రంగు మారినవి ఇంటి బుట్టలోకి చేరేవి. ఆయన బస్తాకు వంక పెట్టిన వ్యాపారి లేడు. మన చెడ్డ సరుకు మనమే తినాలి గానీ పరాయివాళ్ళ నోట్లో పెట్టకూడదు అనేవాడు. మంచి మాటే. కాదనడానికి ఎవరికి నోరొస్తుంది?

ఆయన పొలానికి వెళ్ళాక ఆ బుట్టను అమ్మ మళ్ళీ ఏరేది. కాస్త నయంగా ఉన్నవి భర్తకూ కూతురికీ తీసిపెట్టేది. మిగిలినవి ఒక రేకు డబ్బాలో పోసుకుని, పనుల మధ్య తను నోట్లో వేసుకునేది. చేదు తగిలితే మొహం చిట్లించి నమిలేసేది. పారెయ్యొచ్చు కదా అని గింజ అడిగితే, అంత కష్టపడి పండించినవి పారేస్తే మీ నాన్న ప్రాణం ఉసూరుమంటుందని చెప్పేది. ఈ సంగతి ఆయన చెవిన వెయ్యొద్దని కూడా అనేది. గింజ ఎన్నడూ వెయ్యలేదు.

నలభై రెండో ఏట అమ్మకు కాలేయం చెడిపోయింది. పొట్ట ఉబ్బింది, కళ్ళు పచ్చబడ్డాయి, ఆరు నెలల్లో అంతా అయిపోయింది. తాగుడు అలవాటుందా అని డాక్టరు అడిగినప్పుడు నాన్న మొహం చూడాల్సింది. ఆవిడ ఆ వాసనకే ముక్కు మూసుకునే మనిషి.

తర్వాత గింజ కాలేజీలో చేరింది. జీవశాస్త్రాన్ని తిండికీ సాగుకూ పనికొచ్చేలా నేర్పే డిగ్రీ అది. డాక్టరూ కాదు, ఇంజినీరూ కాదు, ఇది చదివి ఏమవుతుందని మేనత్త ఎగాదిగా చూసింది. తిండి బాగుందో లేదో తేల్చే ఉద్యోగమట, నేను చదువుకోకుండానే చేస్తున్న పని అని నాన్న మీసం దువ్వుకున్నాడు.

రెండో ఏడు ప్రయోగాల్లో బూజు విషాల పాఠం వచ్చింది. బూజు పట్టిన వేరుశనగ కాలేజీలోనే ఉంది. దానితో పోల్చి చూడడానికి మచ్చలేని సరుకు కావాలంది మేడమ్. గింజ చెయ్యెత్తింది. నాన్న చేతి మీద ఆ పిల్లకు తల తాకట్టు పెట్టేంత నమ్మకం. ఆదివారం ఇంటికి వెళ్తే బస్తాలన్నీ అప్పటికే అమ్ముడైపోయాయి. బుట్టలోంచే రెండు గుప్పిళ్ళు తెచ్చింది. ఏరి పక్కన పెట్టినవైనా చెయ్యి నాన్నదే కదా అనుకుంది.

పలుకులు పొడి చేశారు, మందులో నానబెట్టి వడకట్టారు, ఆ రసాన్ని గాజు పలక మీద చుక్కలుగా పెట్టారు. చీకటి గదిలో ప్రత్యేకమైన దీపం కింద పెడితే విషమున్న చోట నీలంగా మెరుస్తుంది. బూజు సరుకు చుక్క మెరిసింది. గింజ తెచ్చిన దాని చుక్క అంతకు రెండింతలు మెరిసింది. చుక్కలు తారుమారు చేశావని తోటివాళ్ళు నవ్వారు. అదే నిజమైతే బాగుండునని ఆమె మూడుసార్లు మళ్ళీ చేసింది. మూడుసార్లూ అదే నీలం.

ఇలాంటివి ఇరవై ఏళ్ళు రోజూ తింటే ఏమవుతుందని అడిగింది. కాలేయం దెబ్బతింటుందని, కానీ ఫలానా మనిషికి దీనివల్లే వచ్చిందని తేల్చి చెప్పలేమని మేడమ్ అంది. ఎవరికి వచ్చిందని ఆవిడ అడిగితే, ఎవరో తెలిసినవాళ్ళకు అంది గింజ.

బయటికి రాని ఆ ఏడుపు కంటే పెద్ద చిక్కు ఇంటి దగ్గర ఉంది. ఇప్పుడా బుట్ట నాన్న తింటున్నాడు. మళ్ళీ ఏరి పెట్టే చెయ్యి లేదు. మానమని చెప్పాలంటే ఎందుకో చెప్పాలి. ఎందుకో చెబితే ఆ మనిషి బతికినన్నాళ్ళు తన చేతులు తాను చూసుకోలేడు.

అందుకని అబద్ధమాడింది. కాలేజీకి చెడ్డ పలుకులే కావాలట, ఒక్కటి కూడా ఉంచకుండా మొత్తం ఇవ్వమంది. ఇంట్లోకి ఇకనుంచి మంచివే ఉంచుకోమంది. నాన్న పొంగిపోయి సంచి కట్టాడు. వెళ్తూ వెళ్తూ అలమరలోని అమ్మ రేకు డబ్బా కూడా సంచిలో వేసుకుంది. ఆయన చూశాడు.

ఏటా పంట ఇంటికి రాగానే గింజ వచ్చేది, సంచి బస్సులో మోసుకుపోయి చెత్త కాల్చే కొలిమిలో వేయించేది. చదువు అయిపోయి, ఒక తినుబండారాల కంపెనీలో సరుకు పరీక్షించే ఉద్యోగం వచ్చాక, ఇప్పుడు కంపెనీకి కావాలట అంది గానీ మానలేదు. ఆ అమ్మాయి కంట్లో పడితే లారీ వెనక్కేనని డ్రైవర్లు గొణుక్కునేవారు. ఇలా తొమ్మిదేళ్ళు గడిచాయి.

ఈ ఏడు వచ్చేసరికి గుమ్మం దగ్గర సంచి లేదు. పెరట్లో నాన్న నడుం లోతు గుంట తవ్వి, సంచి పక్కన పెట్టుకుని కూర్చున్నాడు.

"ఇంత బరువు బస్సులో మోయడం ఎందుకు తల్లీ. ఆ మూల పట్టుకో" అన్నాడు.

ఇద్దరూ కలిసి గుంటలోకి వంచారు. ఎప్పుడు తెలిసిందని గింజ అడగబోయింది. ఆయనే చెప్పాడు.

"మొదటిసారే. కాలేజీకి పలుకులు కావాలి, సరే. మీ అమ్మ పలుకులు పోసుకునే డబ్బా ఎందుకు? ఆవిడ ప్రాణం తీసింది ఇవేనని అప్పుడే అర్థమైంది."

అంటే ఇన్నేళ్ళూ అన్నీ తెలిసే ఆ చెడ్డవాటిని ఏరి, సంచి మూతి కుట్టి మరీ ఇచ్చాడు. కూతురు తన కోసం ఆడే అబద్ధాన్ని చెడగొట్టడానికి మనసొప్పలేదు.

ఆయన పారతో మట్టి తోస్తూ, తలెత్తకుండా అడిగాడు. "మీ అమ్మ తిన్న బుట్టే కదే నువ్వూ తిన్నావు. పరీక్షలేమైనా చేయించుకున్నావా?"

చేయించుకున్నానని, ఏమీ లేదని చెప్పింది. ఆయన నమ్మలేదు. తొమ్మిదేళ్ళుగా, ఫోనులో ఆమె గొంతు కాస్త నీరసంగా ఉన్నప్పుడల్లా నిద్ర పట్టేది కాదన్నాడు. నా దగ్గర దాచకు, ఒకే బుట్ట తిని ఒకళ్ళకి వచ్చింది ఇంకొకళ్ళకి ఎలా రాకుండా ఉంటుంది అన్నాడు. తోసిన మట్టినే మళ్ళీ మళ్ళీ తోస్తున్నాడు. ఆ భయం తీర్చే మాట ఒక్కటే ఉంది. అది అమ్మ చెప్పొద్దన్న మాట.

"ఒకే బుట్ట కాదు నాన్నా. నువ్వు వెళ్ళాక అమ్మ మళ్ళీ ఏరేది. బాగున్నవి మనిద్దరికీ పెట్టి, పారెయ్యాల్సినవి ఆ డబ్బాలో పోసుకుని తను తినేది."

ఆయన మట్టి తోయడం ఆపాడు.

"రోజూనా?" అన్నాడు.

"రోజూ."

పార పక్కన పెట్టి మట్టికుప్ప మీద కూలబడ్డాడు. మిగతా గుంట గింజే పూడ్చింది.