బోరులో పడేసిన గొలుసు

దయ్యాలున్నాయని ఎవరైనా అంటే వాళ్ల ముందే నవ్వేవాణ్ణి. కరెంటుతో పనిచేసేవాడికి కంటికి కనబడని భయం ఒకటి ఉండనే ఉంది, రెండోది ఎందుకు అనేవాణ్ణి. ఇప్పుడు నవ్వడం లేదు. నమ్ముతున్నానని కూడా చెప్పలేను. జరిగింది జరిగినట్టు రాస్తాను.

కంబదూరు పక్క గుట్టల మీద గాలిమరలున్నాయి. వాటి కరెంటంతా మా సబ్ స్టేషన్‌కు చేరి, అక్కడి నుంచి గ్రిడ్‌లోకి పోతుంది. అక్కడ నేను షిఫ్ట్ ఇంజనీరును. లైను మీదికి మనుషులు ఎక్కాలంటే మరలను లైను నుంచి విడదీసి, బ్రేకర్ తీసి కరెంటు ఆపి, లైన్ క్లియర్ కాగితం ఇవ్వాలి. ఎక్కిన ప్రతి ముఠా మేస్త్రీ కిందికి దిగి, ఆ కాగితం తన చేత్తో తిరిగి ఇచ్చేదాకా బ్రేకర్ వేయకూడదు. ఎక్కేముందు తీగలను భూమికి కలపాలి. అప్పుడు ఎవరైనా పొరపాటున కరెంటు ఇచ్చినా అది మట్టిలోకి పోతుంది, బ్రేకర్ దానంతటదే పడిపోయి సరఫరా ఆగిపోతుంది.

ఓబులేసు మా పాత లైన్‌మన్. ముదిగుబ్బ పక్క మనిషి. పందెం పొట్టేలును సాకేవాడు. భూమికి కలపడానికి మేమిచ్చిన రాడ్లు వేశాక కూడా అతనికి నమ్మకం చాలేది కాదు. పొట్టేలు గొలుసును మూడు తీగల మీదికి విసిరి, కొసను గడ్డపారకు చుట్టి నేలలో దిగ్గొట్టేవాడు. గొలుసు చివర విరిగిన కొక్కేనికి రాగితీగ చుట్టి ఉండేది. పొట్టేలు గజ్జె ఒకటి దానికే వేలాడేది.

ఆషాఢం గాలి హోరెత్తుతున్న రోజది. మరలు ఊరకే నిలబడ్డాయని పైవాళ్లు ఫోన్ మీద ఫోన్. గ్రిడ్‌కు కలిపేందుకు ఇచ్చిన గడువు దాటితే సాయంత్రం దాకా ఆగాల్సిందే. నేను జీపులో లైను దగ్గరికి వెళ్లేసరికి ఓబులేసు ఇంకా గొలుసు సర్దుతున్నాడు.

"ఏమప్పా, పొట్టేలుకు పెండ్లి చేస్తాండావా?" అన్నాను.

"యాడిది సారూ! మా ఆడోళ్ల తాళిబొట్లకు కాపలా పెడతాండా."

అందరూ నవ్వారు. నాకు ఒళ్లు మండింది. గొలుసు లాక్కుని అతని మొహం మీద కొట్టాను. కనుబొమ్మ చీలింది. కింద పడ్డాక మళ్లీ కొట్టాను. ఆపైన పక్క చేనులో ఎండిపోయిన బోరు గొట్టంలోకి గొలుసు వదిలేశాను. అది చాలాసేపు గొట్టానికి కొట్టుకుంటూ దిగింది. బోరు మూతికి బండ కప్పేశాను.

ఓబులేసు నెత్తురు తుడుచుకున్నాడు. "బోరు మింగేదే గానీ, తిరిగిచ్చింది యాడుండాది సారూ," అని నడిచి వెళ్లిపోయాడు.

వేరే కాంట్రాక్టరు దగ్గర చేరాడు. కొన్నాళ్లకు, భూమికి కలపని లైను మీద కాలి చనిపోయాడని తెలిసింది. చూడ్డానికి పోలేదు.

ఆ రోజు తరువాత నా షిఫ్టులో నాకు జడిసి ఎవరూ గొలుసు వేయలేదు, ఆలస్యమైతే తిడతానని రాడ్లూ వేయలేదు. పని తొందరగా తెములుతోందని సంతోషించాను.

మరుసటి ఆషాఢంలో, పట్టపగలు, అదే లైను మీదికి రెండు ముఠాలు ఎక్కాయి. ఒక మేస్త్రీ కాగితం తెచ్చిచ్చాడు. రెండో మేస్త్రీ రామాంజి రాలేదు, ఫోన్ కలవలేదు. గడువు దాటిపోతోంది. వాళ్లూ దిగే ఉంటారనుకుని బ్రేకర్ వేశాను.

పిడుగు పడ్డట్టు పేలింది. యార్డులో పగిలిన పింగాణీ ముక్కలు కిటికీ అద్దాలను బద్దలుకొట్టుకుని నా మీదికి వచ్చాయి. బ్రేకర్ దానంతటదే పడిపోయింది. మొహంలో గాజుపెంకులతోనే జీపు నడిపాను.

స్తంభం కింద ముగ్గురు. ఒకడి చేతులు కమిలిపోయాయి. ఒకడి కాలు విరిగి ఎముక బయటికి వచ్చింది. రామాంజి చెవిలోంచి నెత్తురు. ముగ్గురూ బతికున్నారు. రామాంజి లేచి నా గొంతు పట్టుకుని నేలకేసి మోదాడు.

"నీ కండ్లు పోనూ! మేం పైన ఉండంగనే కరెంటిస్తివి కదరా!"

వెల్లకిలా పడి ఊపిరాడక గింజుకుంటుంటే అది కనబడింది. పక్క స్తంభం దగ్గర మూడు తీగల మీదుగా ఒక గొలుసు వేలాడుతోంది. రెండు లంకెలు కరిగి అతుక్కుపోయి పొగ చిమ్ముతున్నాయి. కొస నేలలో దిగిన గడ్డపారకు చుట్టి ఉంది.

నా చూపు వెంట రామాంజి కూడా తల తిప్పాడు. అతని పట్టు సడలింది.

"అది మేము ఏసింది కాదు," అన్నాడు. "రాడ్లు బండిలోనే ఉండాయి. ఎక్కేటప్పుడు ఆడ ఏమీ లేదు."

కొక్కేనికి రాగితీగ. దానికి గజ్జె.

మిగతా ఇద్దరినీ ఆసుపత్రికి పంపించి, మేమిద్దరం బోరు దగ్గరికి పోయాం. బండ కప్పినట్టే ఉంది, దాని మీద కంప అల్లుకుంది. రామాంజి గడ్డపారతో బండ పెళ్లగించి రాయి వదిలాడు. అడుగుకు తగిలిన చప్పుడు కూడా వినరాలేదు.

తప్పు నాదేనని విచారణలో రాసిచ్చాను. ఉద్యోగం పోయింది. గొలుసు తీసుకుని ముదిగుబ్బ పక్క పల్లెకు, ఓబులేసు భార్య లింగమ్మ దగ్గరికి వెళ్లాను. కొట్టింది, బోరులో వేసింది, అంతా చెప్పాను. ఆమె గజ్జెను వేళ్లతో తడిమి చూసింది.

"మా పొట్టేలుదే," అంది. మరుక్షణం గొలుసు ఎత్తి నా మొహం మీద కొట్టింది. నేను తప్పుకోలేదు. ఆమె ఆయాసపడుతూ నిలబడి, గొలుసును నా ఒళ్లోకి విసిరింది.

"ఇంట్లో యాలాడేసి నేనేం జేసుకుందు? ఆ ముగ్గురు పిల్లోళ్లకు పనికొచ్చె గదా. తీస్కపో, లైను ఎక్కేటోళ్లకియ్యి."

రామాంజికి ఇచ్చాను. ఇప్పుడు రాడ్లు వేశాక అతనూ గొలుసు వేస్తున్నాడు.

ఎవరైనా గాలం వేసి తీశారేమో, అది అలాంటిదే మరో గొలుసేమో అని ఇంజనీరు బుద్ధితో ఎన్నో విధాల ఆలోచించాను. ఏదీ పొసగలేదు. బోరు తిరిగివ్వదని ఓబులేసే అన్నాడు. ఇచ్చింది. ఎలా ఇచ్చిందో నాకు తెలియదు. నా కోసం మాత్రం కాదు.