తేదీ తప్పిన మెయిళ్లు, రాళ్ల చాటున నేను

ఆ రోజుల్లో నాకు నా మొహం మీదే అనుమానం ఉండేది. మా ఆయన పోయి ఏడాది తిరక్కముందే మాచర్ల దగ్గర నాపరాళ్లు పాలిష్ పట్టే ఫ్యాక్టరీ ఆఫీసులో ఊడ్చి, టీ పెట్టే పనికి కుదిరాను. (ఆఫీసంటే ఒక గది, ఒక కంప్యూటరు, అన్నిటి మీదా రాతిపొడి.) సంతకం కూడా సరిగా రాని దాన్ని. ఆ పెట్టెలోంచి ఉత్తరం బెంగుళూరు ఎట్లా పోతుందో నాకు తెలియదు కానీ, నేను ఎదురుపడితే మాత్రం పోదని గట్టిగా నమ్మాను.

నమ్మించింది మా ఓనరు. బెంగుళూరులో ఇళ్లు కట్టే కంపెనీకి రాళ్ల రేట్లు మూడుసార్లు మెయిల్ చేయించినా జవాబు లేదు. పంపేటప్పుడు ఎదురుగా ఎవరున్నారని ఆరా తీస్తే, మూడుసార్లూ టీ గ్లాసులతో నేనే. నెలాఖరుకి జవాబు రాకపోతే నన్ను మాన్పిస్తానన్నాడు. ఇంట్లో చంటిపిల్ల, ఇంకో పని లేదు. అందుకని కంప్యూటరు దగ్గర కూర్చునే క్రోసూరు అమ్మాయి “అక్కా, పంపుతున్నా” అనగానే గ్లాసులు అక్కడే వదిలేసి, బయట రాళ్ల దొంతర్ల చాటుకు పరిగెత్తేదాన్ని. మొహం మీద కొంగు కూడా కప్పుకునేదాన్ని. (కంప్యూటరుకు కళ్లుంటాయేమోనని.) పదకొండు రోజులు అట్లా దాక్కున్నా జవాబు రాలేదు.

చివరికి బెంగుళూరు వాళ్లే ఫోన్ చేసి రేట్లు ఎందుకు పంపలేదని అడిగారు. పంపామని ఓనరు గొంతు పెంచాడు. వాళ్లు వెతికితే మా మెయిళ్లన్నీ స్పామ్ అనే చెత్తబుట్టలో దొరికాయట. అన్నిటి మీదా ఒకటే తేదీ, అయిదు నెలల కిందటిది.

అప్పుడు క్రోసూరు అమ్మాయి నోరు విప్పింది. “మీరే గదా సార్, ఫ్యాక్టరీ తెరిచిన ముహూర్తం చానా గట్టిది, కంప్యూటర్లో ఆ తేదీనే ఉంచమన్నది. రోజూ పొద్దున్నే దాన్నే పెడతన్నా.”

ఓనరు చేతి ఉంగరాలు తిప్పుకుంటూ గోడ వైపు చూశాడు. ఆ పిల్ల నాకూ విడమరిచి చెప్పింది. ప్రతి మెయిల్ నెత్తిన మనకు కనపడని రాత ఉంటుందట: ఏ ప్రోగ్రామ్ నుంచి వచ్చింది, ఎప్పుడు పంపారు అని. అవతలి కంప్యూటర్లో కాపలా కాసే ప్రోగ్రామ్ ముందు అది చూస్తుందట. తేదీ తేడాగా ఉంటే దొంగ మెయిలని అనుమానపడుతుందట.

“మరి లోపల రాసింది చదవదా?” అన్నాను.

“అదీ చూస్తదక్కా. కానీ పైన రాతతోనే సగం తీర్పు అయిపోద్ది.”

నవ్వొచ్చింది, మధ్యలోనే ఆగిపోయింది. నా సంగతీ అంతేగా. బొట్టులేని నుదురు చూసి పక్కన పెట్టారే తప్ప, నన్నెవరు చదివారు?

“అయ్యా, మరి నా మొహం సంగతేంది?” అని అడిగాను.

“టీ తీసకరా పో,” అన్నాడు ఓనరు, నా వైపు చూడకుండా.

తెచ్చాను. తేదీ సరిచేసి మళ్లీ పంపుతుంటే గ్లాసు పట్టుకుని కంప్యూటరుకు ఎదురుగానే నిలబడ్డాను, కొంగు తీసేసి. మర్నాడు జవాబు వచ్చింది.

ఇప్పుడు మా అమ్మాయి ఫోన్లో మెయిల్ చూసుకుంటుంటే ఆ చెత్తబుట్ట కూడా ఒకసారి తెరవమంటాను. అందులో చాలావరకు చెత్తే ఉంటుందని విసుక్కుంటుంది. అయినా చూడమంటాను. అక్కడెక్కడో రాళ్ల వెనక, కొంగు కప్పుకుని, ఊపిరి బిగబట్టి నిలబడ్డ ఇరవై మూడేళ్ల పిచ్చిది కనిపిస్తుంది నాకు. ఇక బయటికి రావే అనాలనిపిస్తుంది.