మందు అన్న మాట

జహనుమా బస్తీలో మా పక్క వాటాలో ఉండే అతను జరీ చీరలు, షేర్వానీలు డ్రై క్లీనింగ్ చేసే దుకాణంలో పనిచేసేవాడు. కిటికీ లేని వెనక గదిలో ఒక ద్రావకంలో గుడ్డ ముంచి రోజంతా మరకలు తుడిచేవాడు. దాని పేరు ఎవరికీ తెలియదు. అందరూ ‘మందు’ అనేవారు. అతను కల్లు కూడా ముట్టని మనిషి.

ఎమర్జెన్సీ ఎత్తేసిన వేసవిలో నా డైరీలో మూడుచోట్ల ‘పక్కింటాయన కళ్లు పచ్చగా ఉన్నాయి’ అని ఉంది. రాసుకున్నానే తప్ప ఆ పని మానమని చెప్పలేదు. ఆసుపత్రిలో చేర్చిన వారానికే పోయాడు. వదినే అన్నంలో ఏదో కలిపిందని అతని తమ్ముడు లొల్లి చేయడంతో పోలీసులు వచ్చారు.

నా దస్తూరీ బాగుంటుందని జమేదారు పంచనామా నా చేత రాయించాడు.

“గా మందే తిన్నది సారూ మా ఆయనను,” అంది భార్య ఏడుస్తూ. “పొద్దుగాల పోతే మాపటిదాంక మందే.”

“పొద్దుగాల నుంచేనా? మస్తు షౌకీన్ ఉన్నడు గద! రాయుండ్రి సాబ్,” అన్నాడు జమేదారు నాతో.

నా కలం ఆగింది. “జమేదార్ సాబ్, మందంటే...”

“మందంటే మందే. శవాన్ని తీస్కపోయే బండి నిలబడ్డది, జల్ది రాయుండ్రి.”

‘మృతునికి నిత్యం మద్యం సేవించే అలవాటు కలదు’ అని రాశాను. ల్యాబులో ఎలాగూ నిజం తేలుతుందనుకున్నాను. పోస్టుమార్టంలో తీసిన కాలేయాన్ని సీసాలో పెట్టి, ఆ కాగితంతో పాటు పంపారు. కానీ ల్యాబువాళ్లు వెతికేది కాగితం అడిగినదాన్నే అని నాకు తెలియదు. విషం లేదని, తాగుడు వల్ల కాలేయం చెడిందని రిపోర్టు వచ్చింది. ఆమె మీద అనుమానం పోయింది. దుకాణం సంగతి ఎవరూ అడగలేదు.

కొన్నాళ్లకు ఆమె మా గుమ్మంలోకి వచ్చింది. “మా మరిది గా గదిలనే పనికి జేరిండన్నా. నా మాట ఇంటలేడు. మీరన్న జెప్పుండ్రి.”

మర్నాడే వెళ్లాను. వెనక గదిలో ఆ తియ్యటి వాసనకు నాకు తల తిరిగింది. మీ అన్నను చంపింది ఇదేనని అతనితో అన్నాను.

“నేను తాగను గదన్నా, నాకేం ఫికర్? అన్న తాగిండని కాగితంల మీరే రాసిన్రు గద.”

నేను రాసింది తప్పన్నాను. నన్ను ఒకసారి ఎగాదిగా చూసి, తడిగుడ్డ పిండుకుని మళ్లీ పనిలో పడ్డాడు.