బాబాయి చేతిలోని మోత

మా బాబాయి పోయాడు. పొద్దున్నే పిన్ని ఫోన్ చేసి, "మీ బాబాయి చెయ్యి ఆడట్లేదమ్మా" అంది. పోయాడని అనలేదు. నాకు అర్థమైంది.

బాబాయి ఆటోనగర్‌లో లారీ మెకానిక్. పొడుగాటి స్క్రూడ్రైవర్ మొన ఇంజనుకి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని జబ్బెక్కడో చెప్పేవాడు. "వినాలేగాని, ఇంజను తన జబ్బు తనే చెబుతుంది" అనేవాడు. చిన్నప్పుడు నాకు జ్వరమొస్తే అదే స్క్రూడ్రైవర్ నా గౌనుకి ఆనీ ఆనకుండా పట్టి, "నీ ఇంజనుకేం ఢోకా లేదే అమ్మాయ్" అనేవాడు. సగం జ్వరం ఆ మాటకే దిగేది. ఆ ధైర్యం ఇప్పటికీ నా దగ్గరుంది.

తొంభైలలో గేర్‌బాక్సు నడుం మీద పడితే ఆసుపత్రిలో నొప్పికి ఇంజక్షన్లు ఇచ్చారు. నడుం బాగైంది, సూది మాత్రం వదల్లేదు. ఇంజక్షన్లు దొరకనప్పుడు నొప్పి మాత్రలు కరిగించి నరానికి ఎక్కించుకున్నాడు. డీజిల్‌లాగా వడగడితే చాలనుకున్నాడు, మెకానిక్ బుద్ధి! రోహిణి కార్తె ఎండల్లోనూ పొడుగు చేతుల చొక్కా వేసుకుంటుంటే మేం నవ్వేవాళ్లం.

ఒకరోజు మూత్రం డికాషన్ రంగులో వచ్చింది. "మాత్రలో కలిపే పొడి కడుపు కోసమయ్యా, నెత్తురు కోసం కాదు. రక్తకణాలు చితికిపోయాయి, కిడ్నీలు పాడయ్యాయి" అన్నారు డాక్టరుగారు. డయాలసిస్‌కి పనికొచ్చే నరం ఎడమ చేతిలో ఒక్కటే మిగిలింది. దాన్ని పక్కనున్న ధమనితో కలిపి కుట్టారు. అప్పట్నుంచి ఆ చేతిలో ఎప్పుడూ నెత్తురు ఉరికే సన్నటి మోత. అది ఆగితే డయాలసిస్ లేదు, మనిషి లేడు.

"ఈ చేతిని సూదితో ముట్టుకోను, ఒట్టు" అని పిన్నికి మాటిచ్చాడు. పిన్ని నమ్మలేదు. రోజూ పొద్దున గుడ్డ చుట్టిన స్క్రూడ్రైవర్ మొన ఆ చేతికి ఆనించి వినేది. బాబాయి బిక్కమొహంతో కూర్చునేవాడు. "ఆడుతోందండీ" అన్నాకే కాఫీ.

పోయినరోజు చివరి స్నానం చేయించేటప్పుడు పిన్ని ఆ చెయ్యంతా తడిమి చూసింది. డయాలసిస్ వాళ్లు పొడిచిన చోట్లే తప్ప కొత్త గుర్తు ఒక్కటీ లేదు. "మాట నిలబెట్టుకున్నారమ్మా" అని అప్పుడు ఏడ్చింది.

పెద్దకర్మ అయిన మర్నాడు భవానీపురంలో వాళ్లింటికి వెళ్లాను. గోడకి వేలాడుతున్న బాబాయి చొక్కా ఎడమ చేతికి స్క్రూడ్రైవర్ ఆనించి పిన్ని నిలబడి ఉంది. పిడి నా చెవికి పెట్టింది. సన్నగా, ఆగకుండా, మోత. నా చెవిలో నా నెత్తురే అయ్యుండాలి.

"ఆడుతోందా?"

"ఆడుతోంది పిన్నీ."

పిన్ని వంటింట్లోకి వెళ్లి మూడు గ్లాసుల్లో కాఫీ తెచ్చింది.