పచ్చ పోగులు

నర్సాపురం పాసింజర్‌లో నా ఎదుటి సీటాయన వల బాగుచేసుకుంటున్నాడు. వల కొసని కాలి బొటనవేలికి తగిలించుకుని, ముడి వేసినప్పుడల్లా మిగిలిన నైలాను పోగుని బ్లేడుతో కోసి చొక్కా జేబులో వేసుకుంటున్నాడు.

నేను బట్టలు కుడతాను. రాలిన పాలిస్టర్ దారం ముక్కల్ని రోజూ ఊడ్చి కాలవలో పోసేదాన్ని కాబట్టి నాకు నవ్వొచ్చింది.

"కిటికీలోంచి పడేస్తే పోద్ది కదండీ, దాచుకుంటారేంటి?" అన్నాను.

"మొన్న గోదాట్లో వలకి పడ్డ కొయ్యింగ చేపని మా ఆవిడ కోస్తే కడుపులో పచ్చ పోగుందండి. నా వల రంగు నాకు తెలీదా అండీ?" అన్నాడు, సిగ్గుగా నవ్వుతూ.

దిగబోయేవాడల్లా ఆగి, నా సంచికి అంటుకున్న పోగొకటి తీశాడు. "ఇదీ నాదేనండి" అని జేబులో వేసుకున్నాడు.

మర్నాడు నా మిషనుకి ఒక జేబు కుట్టి తగిలించాను. దారం ముక్కలన్నీ ఇప్పుడు అందులోకే వెళ్తాయి. ఎవరూ అడక్కుండా, చొక్కా లేకుండా నేను కుట్టిన జేబు అదొక్కటే.