యేసోబు ఎవరి ఇంటి మనిషి?

1959 ఏప్రిల్‌లో గ్రామీణ ఆర్థిక సర్వేలో ఇన్వెస్టిగేటరుగా నాకు మొదటి పోస్టింగు ఈపూరు దగ్గరి ఒక ఊళ్లో వచ్చింది. బడి వరండాయే మా ఆఫీసు. అక్కడ ఉన్నవి: రెండు బల్లలు, ఒక ట్రంకు పెట్టె, ఇంటికొకటి చొప్పున నింపాల్సిన ఫారాలు, సూచనల పుస్తకం, ఒక సైకిలు. ఉన్నవారు ఇద్దరు: నేను, సూపర్‌వైజరు మస్తాన్ సాహెబు గారు. నేను స్టాటిస్టిక్స్ చదివి అప్పుడే బయటికి వచ్చాను. ఆయన పదేళ్లుగా పల్నాడు ఊళ్లు తిరుగుతున్నారు.

ఎవరికెంత భూమి ఉందో, ఎవరు ఎలా బతుకుతున్నారో కుటుంబాలవారీగా తేల్చడం మా పని. మా జనాభా లెక్క బ్లాకు ఆఫీసువారు కూడా అడిగారు. ఊరికి దక్షిణాన విడిగా ఉన్న పల్లెలో క్రైస్తవ కూలీ కుటుంబాలు ఉండేవి. వాళ్లకు మంచినీళ్ల బావి లేదు. ఆడవాళ్లు మైలున్నర దూరంలోని వాగు చెలమల నుంచి మోసుకునేవారు. పల్లెలో రెండు వందల మంది ఉంటే బావి మంజూరు చేస్తామన్నారు. నా లెక్కలో నూట ఎనభై మూడు మందే తేలారు.

ఆ లెక్క మీద నాకు అనుమానం లేదు. సూచనల పుస్తకం ప్రకారం కుటుంబమంటే ఒకే పొయ్యి మీద వండింది తినేవాళ్లు. ప్రతి ఇంట్లోనూ నేను అదే అడిగాను. ఆసాములు తమ జీతగాళ్లను, అంటే ఏడాది ఒప్పందం మీద పనిచేసేవాళ్లను, కలిపి చెప్పారు. "మా ఇంట్లో పన్నెండు మంది తింటారు, రాసుకో" అన్నాడు ముప్పై ఎకరాల ఆసామి కోటయ్య, కాస్త గర్వంగానే. పల్లెలో ఆ జీతగాళ్ల భార్యలు, నేను అడిగినదానికే జవాబుగా, మొగుళ్లను వదిలేసి చెప్పారు. ఎవరూ అబద్ధమాడలేదు. ఒక్క మనిషీ రెండుసార్లు రాలేదు. నాకు చాలా తృప్తి కలిగింది.

సాహెబు గారికి ఒక పద్ధతి ఉండేది. జాబితాను గుంటూరులోని మా పై ఆఫీసుకు పంపే ముందు అందులో ఉన్నవాళ్ల మధ్యే పైకి చదివించేవారు. ఆదివారం ప్రార్థన అయ్యాక చర్చి పాక ముందు మొదలుపెట్టాను. "ఇంటి నంబరు పంతొమ్మిది. కుటుంబ పెద్ద మరియమ్మ. పిల్లలు నలుగురు."

"ఏమే మరియమ్మా, యేసోబన్నని ఎప్పుడు సాగనంపావే?" అంది పక్కనున్నామె. అందరూ నవ్వారు.

మరియమ్మ నవ్వలేదు. "ఏందయ్యా, మనిషి బతికుండగానే కొట్టేశావు?"

ఆమె భర్త యేసోబు జీతగాడిగా కోటయ్య ఇంట్లో తింటాడు కనుక అక్కడ రాశానని వివరించాను.

"ఆయన ఆ ఇంటి మనిషా? పశువుల కొట్టం కాడ కూకోబెట్టి దొప్పలో సంగటేస్తారు. గడప దాటనిస్తారేమో అడిగి రాయి. అట్టయితే ఆ ముప్పై ఎకరాల్లో ఆయనకూ వాటా రాశావా?"

మళ్లీ నవ్వులు. సాహెబు గారు మాత్రం నిదానంగా అన్నారు: "రాశాడమ్మా. తప్పు అక్కడే ఉంది."

మధ్యాహ్నం ఆయన నా పట్టిక తెరిచి చూపించారు. తలసరి భూమి కోసం నేను ముప్పై ఎకరాలను పన్నెండుతో భాగించాను. ఆ పన్నెండు మందిలో ఐదుగురు జీతగాళ్లు. వాళ్లను తీసేస్తే కోటయ్య ఇంట్లో తలకు రెండున్నర కాదు, నాలుగెకరాల పైమాట. సెంటు భూమి లేని యేసోబును నేను రైతును చేశాను, కోటయ్యను ఉన్నదానికన్నా పేదవాణ్ణి చేశాను.

నిర్వచనం మార్చే అధికారం మాకు లేదు. సాహెబు గారు గుంటూరుకు రాశారు. పన్నెండో రోజున అనుమతి వచ్చింది: భార్యాపిల్లలు ఎక్కడుంటే మనిషిని అక్కడే లెక్కించాలి, భోజనానికి వేరే గడి పెట్టాలి.

కోటయ్య ఒప్పుకోలేదు. "మా మనుషుల్ని తీసేస్తారేంది? మేం చానా బాగా చూసుకుంటన్నాం."

"వాళ్లు ఎక్కడ కూర్చుని తింటారు కోటయ్య గారూ?" అని సాహెబు గారు అడిగారు.

కోటయ్య కొట్టం వైపు చూశాడు. తర్వాత, "సరే, వాళ్ల ఇళ్లల్లోనే రాసుకోండి. బావి అన్నా రానీండి" అన్నాడు.

రెండోసారి చదివినప్పుడు యేసోబు కూడా వచ్చి కూర్చున్నాడు. అతని పేరు వినగానే మరియమ్మ, "దొరికాడులే" అంది.

నిర్వచనం తప్పయితే కూడికలన్నీ సరిపోయినా లెక్క తప్పే. ఆ తప్పు ఆఫీసులో దొరకదు, ఆ లెక్కలో ఉన్నవాళ్లకే దొరుకుతుంది. ఆ తర్వాత నా ఉద్యోగంలో ఏ జాబితానూ చదివి వినిపించకుండా పంపలేదు. పల్లెకు బావి ఆ ఏడాదే మంజూరైంది. సవరించిన జాబితాలో పల్లె జనాభా రెండు వందల ఏడు.